దాగివుండే జబ్బు
(మన సంఘం వార్షికోత్సవ సభలో, దంపతుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఆరోగ్యం మీద ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పడం మన ఆనవాయితీ. కిందటేడు చక్కెర వ్యాధి, అంతకు ముందటేడు రక్తపోటు. ఈసారి మమ్మల్ని అడిగినప్పుడు మేము ఒక షరతు పెట్టాము. విషయం మేమే ఎంచుకుంటాము, విన్నాక వద్దనకూడదు అని. కార్యవర్గం వారు సరేనన్నారు గాని, విషయమేమిటో చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒక పెద్దాయన, "ఆడపిల్లలు కూర్చునే సభలో ఈ మాటలేమిటి డాక్టర్ సాబ్?" అన్నారు. ఆయనంటే మాకు గౌరవం. ఆయనకు చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ మనవి చేస్తున్నాము. ఈ జబ్బు వల్ల ఎక్కువగా నష్టపోయేది ఆ ఆడపిల్లలే. వాళ్ళు లేని సభలో చెబితే ఫలితం సగం కూడా వుండదు. ఆయన ఆలోచించి, "అయితే మర్యాదగా చెప్పండి" అన్నారు. ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. మర్యాద తప్పితే ఆయనే మమ్మల్ని ఆపుతారు.

మేమిద్దరం భార్యాభర్తలం, ఇద్దరమూ వైద్యులమేనని మీకు తెలుసు. ముందు గదిలో మగవాళ్ళను ఒకరం, వెనక గదిలో ఆడవాళ్ళను ఒకరం చూస్తాము. రెండు గదుల మధ్య ఒక గోడ. ఆ గోడ సంగతి కాస్సేపట్లో వస్తుంది.

జబ్బు పేరు క్లామిడియా. సెగ, సవాయి అనే సుఖవ్యాధుల పేర్లు పాతవాళ్ళు ఎరుగుదురు. సెగ అంటే గనేరియా, సవాయి అంటే సిఫిలిస్. ఈ మూడో దానికి మాత్రం మన భాషలో పేరే లేదు. పేరు లేకపోవడానికి కారణం వుంది. సెగ వస్తే మంట, చీము. సవాయి వస్తే పుండు, ఒంటి మీద మచ్చలు. ఇది వచ్చినప్పుడు చాలామందికి ఏమీ తెలియదు. తెలియని జబ్బుకు పేరెవరు పెడతారు? కాని బాక్టీరియా వల్ల వచ్చే సుఖవ్యాధులలో లోకంలో అన్నిటికంటే ఎక్కువగా వున్నది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 ఒక్క సంవత్సరంలోనే 15 నుండి 49 ఏళ్ళ వయస్సు వారిలో 12 కోట్ల 90 లక్షల మందికి ఇది కొత్తగా సోకింది. సెగ లెక్క అదే సంవత్సరానికి 8 కోట్ల 20 లక్షలు.

మన పెద్దలకు ఈ సూక్ష్మజీవి అన్న వరసైనది ఒకటి బాగా పరిచయమే. కనురెప్పల లోపల గరుకుగా గింజలు లేచి, రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి, చివరికి చూపు పోయే జబ్బు వుండేది గదా, ఇంగ్లీషులో ట్రకోమా, ఉర్దూలో రోహే అంటారు. దానికి కారణం ఈ క్లామిడియా జాతిదే. దాదాపు వెయ్యేళ్ళ కిందట బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే కంటి వైద్యుడు రాసిన గ్రంథంలో ఈ కంటి జబ్బు వర్ణన వుంది. ఆయనకు సూక్ష్మజీవి సంగతి తెలియదు. అది కంటపడింది 1907లో, జావా ద్వీపంలో. హాల్బర్‌స్టాటర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంటి పొర నుంచి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తే, కణం నడిమి బీజానికి దుప్పటి కప్పినట్లు ఏదో కనిపించింది. గ్రీకు భాషలో ‘క్లమిస్’ అంటే పై మీద కప్పుకునే వస్త్రం. ఆ పేరే నిలిచింది. 1957లో చైనాకు చెందిన టాంగ్ ఫైఫాన్ దాన్ని కోడిగుడ్డులో పెంచగలిగినట్లు ప్రకటించారు. ఆ తర్వాత ఇది కంటిజబ్బు తెచ్చేదేనని రుజువు చేయడానికి తన కంట్లోనే వేసుకున్నారు. 1959లో లండనులో ఇంకో సంగతి తేలింది. పుట్టిన కొద్ది రోజులకే కళ్ళకలక వచ్చిన ఒక పసిబిడ్డ తల్లిని పరీక్షిస్తే, ఆమె గర్భాశయ ముఖద్వారం దగ్గర ఇదే జీవి దొరికింది. బిడ్డ కంటికి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

కంటి ట్రకోమాను ప్రజారోగ్య సమస్య అన్న స్థితి నుండి భారతదేశం తొలగించిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 1963లో మొదలుపెట్టిన పని అది. నిజంగా సంతోషించవలసిన విషయం. కాని అన్న వెళ్ళిపోయినా తమ్ముడు ఇంట్లోనే వున్నాడు. కళ్ళజబ్బుకు పొమ్మని చెప్పడం సులువు, అందులో సిగ్గేమీ లేదు గనుక.

ఇది ఎలా పని చేస్తుందో కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పే కథ బోధపడదు.

ఈ జీవి మన శరీర కణం లోపల తప్ప బయట పెరగలేదు. కలయిక ద్వారా మూత్రనాళం పొరలోనో, గర్భాశయ ముఖద్వారం పొరలోనో చేరి, ఒక కణంలో దూరి, అక్కడ వందల సంఖ్యలో పెరిగి, రెండు మూడు రోజుల్లో ఆ కణాన్ని పగలగొట్టుకుని వచ్చి పక్క కణాల్లో దూరుతుంది. మగవాళ్ళలో కొందరికి వారం నుంచి మూడు వారాల లోపల మూత్రంలో మంట, పల్చటి స్రావం, వృషణాల్లో నొప్పి రావచ్చు. చాలామందికి ఏమీ రావు. ఆడవాళ్ళలో అయితే ఎక్కువమందికి ఏమీ తెలియదు. తెలిసినవాళ్ళకైనా తెల్లబట్ట తీరు మారడం, మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, నెలసరికీ నెలసరికీ మధ్య గాని కలయిక తర్వాత గాని రక్తం కనిపించడం, ఇవీ గుర్తులు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. తెల్లబట్ట అవుతోందంటే ఈ జబ్బే వున్నట్లు కాదు. తెల్లబట్ట కొంతవరకు ప్రతి స్త్రీకీ సహజం. మిగతా కారణాలు కూడా ఎన్నో వున్నాయి, వాటిలో అనేకం సుఖవ్యాధులే కావు. ఈ ప్రసంగం విని ఇంటికెళ్ళి ఎవరైనా భార్యను అనుమానంగా చూస్తే ఆ పాపంలో మాకు వాటా వద్దు.

ముఖద్వారం దగ్గర వున్నంతకాలం నష్టం తక్కువ. కొందరిలో అది మెల్లగా పైకి పాకి, గర్భాశయం దాటి, రెండు వైపులా వుండే ట్యూబుల్లోకి చేరుతుంది. ట్యూబులంటే మీకు తెలిసినవే. కుటుంబ నియంత్రణ ఆపరేషనులో ముడి వేసేది వాటికే. వాటి లోపల చీపురు పుల్లంత దారి కూడా వుండదు. అందులో సన్నటి నూగు లాంటి పొర వుంటుంది, అండాన్ని గర్భాశయం వైపుకు మెల్లగా తోసేది అదే. జబ్బు మీద శరీరం చేసే పోరాటంలో ఆ నూగు రాలిపోతుంది, గాయం మానినచోట మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. అంటే ఎవరినీ అడగకుండా, సంతకం తీసుకోకుండా, ఈ జబ్బే కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసేస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోకుండా ఇరుకైతే ఇంకో ప్రమాదం. పిండం గర్భాశయానికి చేరలేక ట్యూబులోనే పెరుగుతుంది. నెలన్నర, రెండు నెలలకు ట్యూబు పగిలి కడుపులోపల రక్తస్రావమవుతుంది. వేళకు ఆపరేషను జరగకపోతే ప్రాణమే పోతుంది.

ఇక కథ. ఇది మా తప్పు కథ. ఆ దంపతులు ఇప్పుడు ఈ ఊళ్ళో లేరు. చెప్పుకోవచ్చునని ఇద్దరూ అన్నారు. ఆమె అయితే, "చెప్పండి డాక్టరమ్మా, ఇంకొకతెకు జరగకుండా వుంటుంది" అన్నది.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక కుర్రవాడు రాత్రి పూట, ఆసుపత్రి తలుపులు వేసే వేళకు, ముందు గదికి వచ్చాడు. గల్ఫులో రెండేళ్ళు పనిచేసి అప్పుడే తిరిగివచ్చాడు. మూత్రంలో మంట, చీము. అడిగితే తల వంచుకున్నాడు, మాకర్థమైంది. సెగకు ఇచ్చే ఇంజక్షను ఇచ్చాము. సెగతో పాటు క్లామిడియా కూడా వుండే అవకాశం ఎక్కువ. సెగ ఇంజక్షనుకు అది లొంగదు, దానికి వేరే మందు కావాలి. కాబట్టి ఏడు రోజులు వేసుకొమ్మని క్యాప్సూళ్ళు కూడా రాశాము. అంతవరకు వైద్యం సరిగానే వుంది. లేచి వెళ్తూ అతను, "పదిహేను రోజుల్లో నా నిఖా, డాక్టర్ సాబ్" అన్నాడు. మేము ముబారక్ చెప్పి పంపించాము.

ముబారక్ చెప్పాము గాని, మళ్ళీ ఒకసారి వచ్చి కనపడమని చెప్పలేదు. ఏడు రోజులూ మందు వేసుకున్న తర్వాత గాని ఫరవాలేదని అనుకోవద్దు అని చెప్పలేదు. అతను మందుల షాపులో రెండు రోజుల క్యాప్సూళ్ళే కొన్నాడు. రెండో రోజుకు మంట తగ్గింది, మిగతావి కొనలేదు. తగ్గింది సెగ. దాని చాటున దాక్కున్నది తగ్గలేదు.

పెళ్ళైన ఎనిమిది నెలలకు ఒక అమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకుని వెనక గదికి వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, సన్నగా జ్వరం, తెల్లబట్ట. మందులిచ్చాము, తగ్గింది. నాలుగు నెలలకు మళ్ళీ అదే. మళ్ళీ మందులిచ్చాము. మూడోసారి కూడా. మందు వేసుకుంటే ఆమెకు తగ్గేది, ఇంటికెళ్తే మళ్ళీ అంటుకునేది. భర్తను పిలిపించమని ఒక్కసారైనా అడగవలసింది. అత్తగారు పక్కనే కూర్చుని వుంటే ఎలా అడగాలో తోచలేదు. ఇది సాకే, కాదనము. ఒక్కొక్కసారి జబ్బు తిరగబెట్టినప్పుడల్లా ట్యూబుల మీద ఇంకొక మచ్చ పడుతుంది. అది చదువుకున్నవాళ్ళమే గదా మేము!

ముందు గదిలో ఆ కుర్రవాడి చీటీ, వెనక గదిలో ఆ అమ్మాయి చీటీ. మధ్య గోడ. అతను ఊరి పేరు, ఇంటి పేరు సరిగ్గా చెప్పలేదు, చెప్పడు కూడా. ఒకే ఇంట్లో అన్నం తింటూ, ఒకే దంపతులకు వైద్యం చేస్తూ, ఆ ఇద్దరూ భార్యాభర్తలని మేము మూడేళ్ళ పాటు తెలుసుకోలేదు.

ఆ మూడేళ్ళలో ఆ అమ్మాయి పడ్డ పాట్లు మీకు వివరించనక్కర్లేదు. మీలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి గురించి విన్నవే. ఆకు పసర్లు, నాటు మందులు, నడుముకు తాయెత్తులు. శుభకార్యాల్లో వెనక వరస. చివరికి పట్నంలో ట్యూబులకు ఎక్స్‌రే తీయించారు. రెండూ మూసుకుపోయి వున్నాయి. ఆ కాగితం చేతికి రాగానే, లోపం ఎవరిలో వుందో తేలిపోయిందని ఇంట్లో అనుకున్నారు. ఒక ట్రంకు పెట్టెతో ఆమెను పుట్టింటికి పంపించి, కొడుక్కి ఇంకో సంబంధం చూడడం మొదలుపెట్టారు.

ఆమె తండ్రి మా దగ్గరకు వచ్చాడు. సైకిలు దిగి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "నా బిడ్డలో ఏం లోపముంది సాబ్? మా వంశంలో ఎవరికీ ఇట్లా లేదు" అన్నాడు. అల్లుడి పేరు, ఊరు, గల్ఫు నుంచి వచ్చిన సంగతి ఆ మాటల్లోనే చెప్పాడు. ఆ రాత్రి మేమిద్దరం పాత చీటీలు తీసి పక్కపక్కన పెట్టుకున్నాము. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఏం చేయాలి? రోగి చెప్పుకున్న రహస్యం ఇంకొకరికి చెప్పే హక్కు వైద్యుడికి లేదు, ఆ ఇంకొకరు భార్య అయినా సరే. చెప్పకుండా వూరుకుంటే ఒక ఆడపిల్ల బతుకు పోతుంది. రేపు ఇంకో ఆడపిల్లకు కూడా అదే అంటుకోవచ్చు. మేము కుర్రవాణ్ణి ఒంటరిగా పిలిపించాము. వున్నదున్నట్లు చెప్పాము. మా తప్పు కూడా చెప్పాము. చాలాసేపు మాట్లాడలేదు అతను. "అమ్మీకి ఎట్లా చెప్పేది?" అన్నాడు చివరికి. ఎలా చెప్పాడో మాకు తెలియదు. నాలుగో రోజున అతనే వెళ్ళి భార్యను తీసుకువచ్చాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద మా ఎదుట కూర్చున్నారు. ఇద్దరికీ ఒకే రోజున మందు మొదలుపెట్టాము.

సినిమాలో అయితే ఆ తర్వాత పిల్లవాడు పుట్టేవాడు. పుట్టలేదు. ఆపరేషనుతో ఒక వైపు ట్యూబు తెరిపించారు. గర్భం వచ్చింది గాని ట్యూబులోనే వచ్చింది. వేళకు పట్నం చేరారు గనుక ఆమె బతికింది. ఇప్పుడు అతని చెల్లెలి కూతుర్ని పెంచుకుంటున్నారు. ఆ పాప మొన్ననే పదో తరగతి పరీక్ష రాసింది.

ఆ కుర్రవాడిని మీరు తిడుతున్నారని మాకు తెలుసు. పరదా అవతల నుంచి ఆ గొణుగుడు వినబడుతోంది కూడా! కాని మేము ఈ కథ చెప్పింది అతన్ని తిట్టించడానికి కాదు. ఎక్స్‌రే కాగితం రాగానే తీర్పు చెప్పిన తొందర చూడండి. మూసుకున్న ట్యూబు దారి మూసుకుందని చెబుతుంది గాని ఎవరి వల్లనో చెప్పదు. మన దేశంలో క్షయ వల్ల కూడా ట్యూబులు మూసుకుపోతాయి, అందులో ఎవరి నడవడికీ సంబంధం లేదు. పిల్లలు కలగని దంపతులలో దాదాపు సగం మంది విషయంలో మగవాడి వైపు కూడా లోపం కనిపిస్తుంది. అయినా మన ఇళ్ళల్లో వీర్య పరీక్ష అనగానే తగవు. ఆడదానికి ఆపరేషను దాకా అన్నీ చేయించి, మగవాణ్ణి ఒక చిన్న సీసాలో నమూనా ఇమ్మంటే మాత్రం అవమానం. ఇది ఎక్కడి న్యాయమో ఆలోచించండి.

అలాగే జబ్బు బయటపడిన రోజున "ఎవరు తెచ్చారు?" అన్న ప్రశ్న మొదట లేస్తుంది. నిజం చెప్పాలంటే ఇది కలయిక ద్వారానే వస్తుంది. రైలు మరుగుదొడ్డిలో అంటుకుందని మాతో చెప్పినవాళ్ళున్నారు, మేము విని వూరుకున్నాము. మరుగుదొడ్డి వల్ల, తువ్వాలు వల్ల, ఒకే పళ్ళెంలో తినడం వల్ల, ఒకే హౌజులో కాళ్ళు కడుక్కోవడం వల్ల ఇది రాదు. కాని ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటి కూడా, చప్పుడు లేకుండా వుండగలదు. పెళ్ళికి ముందు వచ్చి వుండవచ్చు. రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ముందటి భర్త వల్లనో, ముందటి భార్య వల్లనో వచ్చి వుండవచ్చు. మనలో వితంతువులకు, విడిపోయినవాళ్ళకు మళ్ళీ నిఖా చేయడం మంచి ఆచారం. అలాంటి ఇల్లాలి మీద పరీక్ష కాగితం చూపించి నింద వేయడం అన్యాయం. ఎవరికి ముందు లక్షణాలు కనిపించాయో వాళ్ళే తెచ్చారనుకోవడం కూడా పొరపాటే.

వైద్యం చాలా సులువు, అదే మాకు ఎప్పుడూ ఆశ్చర్యం. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు. అన్నం తిన్నాక, నిండుగా ఒక గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో అంటుకుని మంట పుట్టిస్తుంది. ఐరన్ మాత్రలు, కడుపుమంట మందులు దీనితో పాటు వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. గర్భిణీ స్త్రీలకు ఇది ఇవ్వకూడదు, వాళ్ళకు ఎజిత్రోమైసిన్ ఒక గ్రాము, ఒకేసారి ఇస్తారు. ఏ మందైనా వైద్యుణ్ణి అడిగే వేసుకోండి. ఈ లెక్క రాసుకుని షాపుకు పరుగెత్తవద్దు.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబానికి మొదటిది ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి వెల్లడి అయినప్పుడు, దాన్ని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ పనిచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు పెద్ద మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అదే సంవత్సరం చనిపోయారు. ఆ క్యాప్సూలు చీటీ మీద రాసినప్పుడల్లా మాకు ఆ పేరు గుర్తుకు వస్తుంది.

మందు కంటే ముఖ్యం ఇద్దరూ ఒకేసారి వేసుకోవడం. ఒకరికి జబ్బు తెలిసి, రెండోవారికి ఏ లక్షణమూ లేకపోయినా ఇద్దరూ వేసుకోవాలి. మందు మొదలుపెట్టిన నాటి నుంచి ఏడు రోజులు దూరంగా వుండాలి. ఒకేసారి వేసుకునే మందైనా ఆ ఏడు రోజులు తప్పవు. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోవడం మంచిది, తిరగబెట్టడం ఎక్కువ గనుక. మందు జబ్బును చంపుతుంది గాని, పడిపోయిన మచ్చను తుడవలేదు. అందుకే తొందరగా రమ్మంటున్నాము. బయట ఊళ్ళల్లో, బయట దేశాల్లో వుండేవాళ్ళ విషయంలో ఉపదేశం చేయడం మా పని కాదు, ఆ పని చేసేవారు వేరే వున్నారు. వైద్యులుగా చెప్పవలసింది చెబుతాము. నిరోధ్ సరిగ్గా వాడితే ఈ జబ్బు సోకే ప్రమాదం చాలా తగ్గుతుంది. తిరిగి వచ్చినవారు ఇంటికి చేరేముందు ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఇంట్లోవాళ్ళు క్షేమంగా వుంటారు. నిఖా కుదిరిన కుర్రవాళ్ళకు మరీ మరీ చెబుతున్నాము.

కడుపుతో వున్న ఆడవాళ్ళు మంట, నొప్పి, స్రావం లాంటివి దాచుకోకూడదు. కాన్పు దారిలో ఈ జబ్బు వుంటే బిడ్డకు అంటుకుంటుంది. పుట్టిన అయిదు రోజుల నుంచి రెండు వారాల లోపల కళ్ళు వాచి, చీము కారుతుంది. దిష్టి తగిలిందని, చనుబాలు పిండితే తగ్గుతుందని ఇంట్లో కూర్చోవద్దు. కంట్లో చుక్కలు వేస్తే చాలదు, నోటి ద్వారా మందు ఇవ్వాలి. కొందరు పిల్లలకు ఒకటి రెండు నెలల వయస్సులో దగ్గు, న్యుమోనియా కూడా రావచ్చు.

పరీక్షకు మూత్రం చాలు, మొదటి ధార పట్టి ఇవ్వాలి, అంతకు ముందు గంటసేపు మూత్రానికి పోకూడదు. ఆడవాళ్ళకు లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు, నొప్పి వుండదు. ఈ పరీక్ష అన్ని ఊళ్ళల్లో దొరకదు, ఖర్చు కూడా ఎక్కువే. అందుచేత ప్రభుత్వ ఆసుపత్రుల్లో లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతి పెట్టారు. ఒక్కో రకం లక్షణాలకు ఒక్కో రంగు పెట్టె. జిల్లా ఆసుపత్రుల్లో ఇందుకోసం సురక్ష క్లినిక్కులు వున్నాయి, మందులు ఉచితం, వివరాలు బయటకు చెప్పరు. అక్కడికి వెళ్ళడానికి కూడా బెదురుగా వుంటే 1097 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు, డబ్బు పడదు. ఏమీ తోచనివారు లాడ్జిలో గది తీసుకుని రెండు రోజులు కూర్చుని వెళ్ళిపోయే గుప్తరోగాల నిపుణుల దగ్గరకు మాత్రం పోవద్దు. వాళ్ళు చెడగొట్టిన కేసులు మా దగ్గరకు చాలానే వచ్చాయి.

ఆ కథ తర్వాత మేము ఆసుపత్రిలో ఒక మార్పు చేశాము. గోడ అలాగే వుంది. కాని ప్రతి శుక్రవారం సాయంత్రం దంపతులను మాత్రమే, ఇద్దరినీ కలిపి, ఒకే గదిలో చూస్తాము. అత్తగారు, వదినగారు, ఎవరైనా సరే, బయట వరండాలో బల్ల మీద కూర్చోవాలి. మొదట్లో కోప్పడ్డారు. ఇప్పుడు ఆ బల్ల మీద వాళ్ళలో వాళ్ళకే మంచి కాలక్షేపం.

సభ మొదట్లో అందరికీ చిన్న కాగితాలు ఇచ్చాము. పేరు రాయకుండా ప్రశ్న రాసి డబ్బాలో వేయమన్నాము. ఎక్కువ భాగం చక్కెర వ్యాధి గురించే వున్నాయి, వాటికి జవాబులు తర్వాత చెబుతాము. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. అక్షరాలు వంకరగా వున్నాయి. "మా ఆయన రానంటే నేనేం చేయాలి?" అని రాశారు.

అమ్మా, ముందు మీరు రండి. మీ వైద్యం ఆయన కోసం ఆగదు. మిమ్మల్ని పరీక్షించి, అవసరమైతే ఆయనకు ఇవ్వవలసిన మందు కూడా రాసి మీ చేతికే ఇస్తాము. ఇంతకు ముందు ఏ మందుకైనా ఆయనకు దద్దుర్లు, ఆయాసం వచ్చాయేమో, ఇంకేవైనా మందులు వాడుతున్నారేమో కనుక్కుని రండి. ఆయనకు ఏమని చెప్పాలో కూడా మనం కూర్చుని మాట్లాడుకుందాము. కావాలంటే మేమే ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టి అంటించి ఇస్తాము, అందులో జబ్బు పేరు, మందు పేరు తప్ప ఇంకేమీ వుండదు. ఆయన మందు వేసుకున్నదాకా, ఆ పైన ఏడు రోజుల దాకా, ఒంట్లో బాగాలేదని చెప్పి దూరంగా వుండండి. అది అబద్ధమేమీ కాదు. శుక్రవారం సాయంత్రం కుదరకపోతే మంగళవారం ఉదయం పదకొండు గంటలకు వెనక గదిలో జనం తక్కువగా వుంటారు.